ఇంటి సాయం: సొంత స్థలానికీ బ్యాంకు రుణానికీ మధ్య మిగిలిపోతున్నది ఎవరు?

సంక్షిప్తంగా: తెలుగు రాష్ట్రాల్లో పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాల ఇంటికి ప్రభుత్వ సాయం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తోంది. స్థలం ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి విడతలవారీగా డబ్బు ఇస్తారు. ఇల్లు కొనేవారికి బ్యాంకు రుణం మీద వడ్డీ రాయితీ ఇస్తారు. మొదటిదానికి పట్టా కావాలి. రెండోదానికి ఆదాయ రుజువు, చేతిలో కొంత సొమ్ము కావాలి. రెండు చోట్లా సాయం ఎన్ని లక్షలన్నదాని కంటే అది ఎప్పుడు చేతికొస్తుందన్నదే ఎక్కువ తేడా చూపిస్తోంది.

ఇందిరమ్మ ఇళ్లు, పీఎం ఆవాస్, ఏపీ ప్రభుత్వ సంస్థ కట్టిన టిడ్కో ఫ్లాట్లు, జగనన్న కాలనీలు అంటూ పదేళ్లుగా పథకాల పేర్లు మారుతూనే ఉన్నాయి. పక్క రాష్ట్రంవాళ్లకు 5 లక్షలు వచ్చి తమకు 1.80 లక్షలే ఎందుకు వచ్చాయో, అప్పు చేసి ఫ్లాటు కొన్నవారికి రాయితీ ఎక్కడ పడుతుందో చాలామందికి అయోమయం. పేర్లు పక్కన పెట్టి డబ్బు నడిచే దారిని గమనిస్తే కొంత స్పష్టత వస్తుంది.

ఒక ఇల్లు, మూడు ప్రభుత్వాలు

రాజ్యాంగం ప్రకారం గ్రామీణ గృహ నిర్మాణం పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో ఒకటి. అది 11వ షెడ్యూల్‌లో ఉంది. మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పేరున ఉన్నాయి. ఆచరణలో స్థానిక సంస్థ చేతిలో ఉండేది దరఖాస్తు, పరిశీలన, గ్రామసభ, నిర్మాణ అనుమతి వరకే. డబ్బు, నిబంధనలు కేంద్రం దగ్గరా రాష్ట్రం దగ్గరా ఉంటాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్లాయి. ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుల ఎంపిక మొదలైంది ఆ సమయంలోనే. ఎంపికలో ప్రధాన పాత్ర ఊరి స్థాయిలో వేసిన ఇందిరమ్మ కమిటీలకు వెళ్లింది. జాబితాల మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

ఇక డబ్బు. కేంద్ర పథకమైన పీఎం ఆవాస్ గ్రామాల్లో ఒక ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇస్తుంది. అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 72,000. పట్టణాల్లో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం ఇచ్చేది 1.50 లక్షలు. దీని మీద రాష్ట్రం ఎంత కలుపుతుందన్నదే అసలు తేడా. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో తెలంగాణ మొత్తం సాయాన్ని 5 లక్షలుగా పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన జగనన్న కాలనీల పథకంలో ఇంటి యూనిట్ ధర 1.80 లక్షలు. అందులో 1.50 లక్షలు కేంద్ర సాయమే. మిగతా 30,000 ఉపాధి హామీ కూలీ రూపంలో కలిసింది. దానికి తోడు 20 టన్నుల ఉచిత ఇసుక, 35,000 వరకు పావలా వడ్డీ రుణం ఇచ్చారు. ఆ సాయం చాలక ఇళ్లు మధ్యలో ఆగిపోవడంతో 2025లో ప్రభుత్వం ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగల వారికి లక్ష అదనంగా ప్రకటించింది.

చదరపు అడుగు లెక్కన చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఏపీ కాలనీల్లో ఇల్లు 340 చదరపు అడుగులు. 1.80 లక్షలను దానితో భాగిస్తే అడుగుకు సుమారు 530 రూపాయలు. తెలంగాణలో 400 అడుగుల ఇల్లు కడితే అడుగుకు 1,250 పడుతుంది. 600 అడుగులకు పెంచితే 833కి దిగుతుంది. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు రాదన్న నిబంధన ఇందుకే వచ్చింది. సాయం వస్తోంది కదా, మన డబ్బు కూడా కొంత వేసి పెద్ద ఇల్లే కట్టుకుందాం అనుకోవడం సహజం. గతంలో అలా మొదలుపెట్టిన ఇళ్లు గోడల దగ్గరో స్లాబు దగ్గరో ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నిబంధన వెనక ఉద్దేశం సరైనదే. కానీ ఇప్పటికే పునాది పెద్దదిగా వేసుకున్న కుటుంబానికి అది సాయం ఆగిపోవడానికి కారణంగా మారింది.

బిల్లు పడే వరుస

ఇందిరమ్మ ఇంటికి డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక మొదటి లక్ష. మిగతా సొమ్ము గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక మూడు విడతల్లో వస్తుంది. ప్రతి దశలోనూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి, గృహ నిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) నిర్ధారించాలి. ఆ తర్వాతే సొమ్ము నేరుగా లబ్ధిదారు ఖాతాలో పడుతుంది.

ఈ పద్ధతికి బలమైన కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 తర్వాత నడిచిన ఇందిరమ్మ పథకంలో కట్టని ఇళ్లకూ బిల్లులు ఎత్తారన్న ఆరోపణలు పెద్దఎత్తున వచ్చాయి, విచారణలూ జరిగాయి. పని కనబడితేనే డబ్బు అన్న నియమం ఆ దారిని చాలావరకు మూసింది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ముగ్గు పోసిన రోజు నుంచి బేస్‌మెంట్ పూర్తయ్యే దాకా ఖర్చంతా ఇంటివాళ్లదే. సిమెంటు, స్టీలు, కంకర, మేస్త్రీ కూలి ఏదీ బిల్లు వచ్చేదాకా ఆగదు. ఒక కుటుంబం లక్షన్నర అప్పు తెచ్చి పని మొదలుపెట్టిందనుకుందాం. ఊళ్లో మామూలుగా నడిచే నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 3,000. బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీకే 12,000 పోతుంది. స్లాబు దశలో ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అక్కడ ఆలస్యమైతే భారం ఇంకా ఎక్కువ. 5 లక్షల సాయంలో ఇలా వడ్డీకి కరిగిపోయే భాగం ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనిపించదు.

అందుకే ఒకే గ్రామంలో ఒకే రోజు మంజూరు పత్రం అందుకున్న ఇద్దరిలో ఒకరు గృహప్రవేశం చేసుకుంటే, ఇంకొకరు ముగ్గు దగ్గరే ఆగిపోతారు. ఆగిపోయింది తరచుగా వాళ్లలో ఎక్కువ పేదవారే. మహిళా సంఘాల ద్వారా ముందుగా రుణం ఇప్పించే ప్రయత్నాలు ఈ ఖాళీని పూడ్చడానికే. అయితే సంఘంలో పాత బకాయి ఉన్నవారికి ఆ తలుపూ తెరుచుకోదు.

కొనేవారికి రాయితీ ఎలా వస్తుంది

మొదటిసారి ఇల్లు కొనేవారికి నేరుగా వర్తించేది కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ. 2015లో మొదలైన పీఎం ఆవాస్ పట్టణ పథకంలో ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 6 లక్షల రుణం వరకు 6.5 శాతం వడ్డీ రాయితీ ఉండేది. గరిష్ఠంగా 2.67 లక్షలు ఒకేసారి రుణ ఖాతాలో జమయ్యేవి. అప్పు అసలు మొత్తం వెంటనే 6 లక్షల నుంచి 3.33 లక్షలకు దిగేది. 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల రుణమైతే నెల వాయిదా సుమారు 5,400 నుంచి 3,000కు తగ్గేది. ఈ రాయితీ 2022 మార్చితో ముగిసింది.

2024 సెప్టెంబరు 1న మొదలైన రెండో దశలో లెక్క మారింది. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు ఉండాలి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. అందులో మొదటి 8 లక్షలకు, 12 ఏళ్ల కాలపరిమితి వరకు 4 శాతం రాయితీ లెక్కిస్తారు. గరిష్ఠ మొత్తం 1.80 లక్షలు. అదీ ఒకేసారి కాదు, ఐదేళ్లలో ఐదు వార్షిక వాయిదాలుగా. ప్రతి వాయిదా నాటికి రుణం సక్రమంగా నడుస్తూ, అసలులో సగానికి పైగా ఇంకా మిగిలి ఉండాలి. బోనస్ వచ్చిందనో ఊళ్లో పొలం అమ్మామనో అప్పు త్వరగా తీర్చేసినవారు మిగతా వాయిదాలు పోగొట్టుకునే అవకాశం ఉంది. ఈ షరతు చాలామంది దృష్టికి రావడం లేదు.

ఇంట్లో నెలకు 50,000 ఆదాయం ఉన్న కుటుంబం 30 లక్షల ఫ్లాటు కొంటోందనుకుందాం. రాయితీ కావాలంటే రుణం 25 లక్షలకే పరిమితం. మిగతా 5 లక్షలు చేతి నుంచి పెట్టాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం. 30 లక్షల మీద అది 2.25 లక్షలు. ఈ ఖర్చును బ్యాంకులు సాధారణంగా రుణంలో కలపవు. ఇంటి ధర 10 లక్షల లోపు ఉంటేనే రిజర్వు బ్యాంకు అందుకు వీలిచ్చింది. అంటే తాళం చేతికి వచ్చేలోపే 7.25 లక్షల నగదు కావాలి. ఆ తర్వాత 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు నెలవాయిదా దాదాపు 21,700. రాయితీగా వచ్చేది ఏడాదికి 36,000, అంటే ఏడాది వాయిదాల్లో దాదాపు ఏడో వంతు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కేంద్రం ఐదేళ్లలో ఇచ్చే 1.80 లక్షల కంటే రిజిస్ట్రేషన్ రోజు ఒక్కపూటలో కట్టే 2.25 లక్షలే ఎక్కువ. ఆ 7.5 శాతంలో 1.5 శాతం బదిలీ సుంకం. అది చట్టప్రకారం స్థానిక సంస్థలకు చెందాల్సిన సొమ్ము. మొదటి ఇల్లు కొనే పేద కుటుంబానికి ఆ ఒకటిన్నర శాతం మినహాయిస్తే 30 లక్షల ఇంటి మీద 45,000 మిగులుతుంది, పైగా డబ్బుకు ఎక్కువ కటకట ఉన్న రోజునే మిగులుతుంది. మహారాష్ట్ర, ఢిల్లీ మహిళల పేరున జరిగే రిజిస్ట్రేషన్లకు స్టాంపు డ్యూటీ తగ్గించాయి. మొదటిసారి కొనేవారన్న ప్రాతిపదికన ఇలాంటి వెసులుబాటు గురించి తెలుగు రాష్ట్రాల్లో చర్చే తక్కువ. మున్సిపాలిటీలకు ఆ ఆదాయం అవసరం కాబట్టి నిర్ణయం తేలిక కాదన్నదీ నిజమే.

అమెరికా నగరాల్లో స్థానిక సాయం ఎక్కువగా ఈ మొదటి అడ్డంకి మీదే ఉంటుంది. న్యూయార్క్ నగరం హోమ్‌ఫస్ట్ పేరుతో అర్హులైన తొలి కొనుగోలుదారులకు 1,00,000 డాలర్ల వరకు ముందస్తు చెల్లింపునకు, రిజిస్ట్రేషన్ తరహా ఖర్చులకు ఇస్తుంది. నిర్ణీత ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంటే తిరిగి కట్టక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఇచ్చే రుణానికి నెలవాయిదా ఉండదు. ఇల్లు అమ్మినప్పుడు అసలుతో పాటు పెరిగిన ధరలో వాటా నగరానికి ఇవ్వాలి. ఆ డబ్బు మళ్లీ ఇంకో కుటుంబానికి వెళ్తుంది. అక్కడి నగరపాలక సంస్థలకు సొంత ఆదాయం, ఖర్చు చేసే స్వేచ్ఛ ఎక్కువ. ఇక్కడి మున్సిపాలిటీకి అంత వెసులుబాటు లేదు. అయినా సాయం ఏ దశలో అందాలన్న ఆలోచన వరకు ఆ నమూనాలు పనికొస్తాయి.

రెండూ కలిపిన టిడ్కో అనుభవం

స్థలం లేని పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టి, అందులో కొంత ప్రభుత్వ సాయం, కొంత లబ్ధిదారు వాటా, మిగతాది బ్యాంకు రుణం అన్న పద్ధతిని ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్లతో ప్రయత్నించింది. 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. తర్వాతి ప్రభుత్వం 300 అడుగుల ఫ్లాటును రూపాయికే ఇస్తామంది. మిగతా రెండింటిలో లబ్ధిదారు వాటాను సగానికి తగ్గించింది. 365 అడుగులకు 25,000, 430 అడుగులకు 50,000. బ్యాంకు రుణం మాత్రం అలాగే ఉంది.

కాగితం మీద ఇది మంచి కలయిక. బెడిసికొట్టింది రెండు గడియారాలు వేర్వేరుగా నడవడం వల్ల. ప్రభుత్వం మారింది, బిల్లులు ఆగాయి, మంచినీళ్లు, డ్రైనేజీ, రోడ్ల పనులు నిలిచిపోయాయి. వాయిదాలు కట్టక్కర్లేదని బ్యాంకు ఇచ్చిన విరామ గడువు మాత్రం అయిపోయింది. ఫ్లాటు తాళం చేతికి రాకముందే వాయిదాలు మొదలయ్యాయి. ఒకపక్క అద్దె, ఇంకోపక్క వాయిదా కట్టలేక ఖాతాలు మొండి బకాయిల్లోకి వెళ్లినవారికి బ్యాంకు నోటీసులు అందాయి. ఒకసారి అలా నమోదైతే ఆ కుటుంబానికి మళ్లీ ఏ రుణమూ తేలిగ్గా పుట్టదు. సాయం అందాల్సిన పథకమే పరపతిని దెబ్బతీసిన సందర్భం ఇది.

రుణంతో ముడిపడ్డ ఇంటి సాయం తెలుగునేల మీద కొత్తేమీ కాదు. 1979లో ఏర్పడిన గృహ నిర్మాణ సంస్థ ద్వారా 1983 నుంచి కట్టిన బలహీనవర్గాల ఇళ్లలో చాలావాటికి కొంత భాగం రుణమే. తిరిగి కట్టినవారు తక్కువ. ఇంటి కాగితాలు సంస్థ దగ్గరే ఉండిపోయాయి. వారసులు పేరు మార్చుకోలేక, బ్యాంకులో పెట్టుకోలేక, బహిరంగంగా అమ్మలేక ఇబ్బంది పడ్డారు. 2021 డిసెంబరులో ఏపీ ప్రభుత్వం ఒకేసారి పరిష్కారం కింద గ్రామాల్లో 10,000, మున్సిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 కడితే పూర్తి హక్కు పత్రం ఇస్తామంది. ఎప్పుడో తాతల నాటి ఇంటికి ఇప్పుడు డబ్బేమిటన్న నిరసన గట్టిగానే వచ్చింది. కానీ హక్కు లేని ఇల్లు తలదాచుకోవడానికే తప్ప ఆస్తిగా పనికిరాదన్న సమస్య మాత్రం నిజమైనదే.

తెలంగాణ దీనికి పూర్తి విరుద్ధమైన దారి పట్టింది. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు పూర్తి ఉచితం. అప్పు లేదు, వాటా లేదు. హైదరాబాద్‌లో బహుళ అంతస్తుల్లో ఒక్కో ఇంటికి స్థలం కాకుండానే 7 నుంచి 7.9 లక్షలు ఖర్చని లెక్కేశారు. ఇంత ఖర్చుతో కట్టగలిగినవి తక్కువ, దరఖాస్తులు లక్షల్లో. చివరికి లాటరీ తీయాల్సి వచ్చింది. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఆ ఇంటికీ, పాతబస్తీలోనో సికింద్రాబాద్‌లోనో ఉన్న పనికీ రోజూ తిరగడం కూలి మనిషికి తేలిక కాదు.

అసలు ముడి స్థలం దగ్గరే

తెలంగాణ దరఖాస్తులను మూడు జాబితాలుగా విడగొట్టారు. సొంత స్థలం ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, స్థలమూ ఇల్లూ లేనివారు ఎల్-2, మిగతావారు ఎల్-3. మొదటి విడత ప్రాధాన్యం ఎల్-1కే. నియోజకవర్గానికి 3,500 ఇళ్లన్న కోటా అన్నిచోట్లా ఒకటే. పల్లెల్లో ఆ సంఖ్య చాలదు. హైదరాబాద్ నడిబొడ్డు నియోజకవర్గంలో ఇల్లు లేకుండా ఖాళీ స్థలం మాత్రం ఉన్న పేద కుటుంబాలు ఎన్ని ఉంటాయి? అవసరం ఎక్కువగా ఉన్న అద్దెదారు ఎల్-2లో వేచి ఉంటాడు.

స్థలం కూడా ప్రభుత్వమే ఇచ్చే దారిని ఏపీ పెద్దఎత్తున ప్రయత్నించింది. 2020లో దాదాపు 30 లక్షల మంది మహిళలకు గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున పట్టాలిచ్చారు. సెంటంటే 48.4 గజాలు. అంత చిన్న ముక్క ఇచ్చినా అంతమందికి సరిపడా భూమి ఊరికి దగ్గర్లో దొరకలేదు. చాలా లేఅవుట్లు పల్లపు భూముల్లో, రోడ్డు సరిగా లేని చోట వచ్చాయి. 2024లో వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. విస్తీర్ణం పెరిగితే సేకరించాల్సిన భూమి రెట్టింపవుతుంది. భూమి అంతే ఉంటే లబ్ధిదారులు సగానికి తగ్గుతారు, లేదంటే లేఅవుట్ ఊరికి ఇంకాస్త దూరం జరుగుతుంది.

వడ్డీ రాయితీ దారిలో అద్దెదారుకు చోటుందా అంటే, నెలకు 25,000 సంపాదించే కుటుంబానికి బ్యాంకు సగం ఆదాయాన్ని వాయిదాగా ఒప్పుకున్నా వచ్చే రుణం 14.5 లక్షలు దాటదు. ఆ ధరకు నగరంలో ఫ్లాటు దొరకడం కష్టం. పైగా ఆటో నడిపేవారికీ, తోపుడుబండి మీద వ్యాపారం చేసేవారికీ జీతం స్లిప్పు ఉండదు. ఈ వర్గానికి సరిపడేది పనిచోటుకు దగ్గర్లో, భరించగల అద్దెకు దొరికే ఇల్లు. పీఎం ఆవాస్ రెండో దశలో అద్దె ఇళ్ల విభాగం ఉంది. కానీ సొంతింటి పట్టా పంచినంత రాజకీయ ఫలితం అద్దె ఇంటితో రాదు కాబట్టి ఏ ప్రభుత్వానికీ దానిమీద ఉత్సాహం కనిపించదు.

ఇప్పటికే ఇల్లున్న పేదల పరిస్థితి

ఈ పథకాలన్నీ కొత్త ఇంటి చుట్టూ తిరుగుతాయి. నలభై ఏళ్ల కిందట కాలనీలో కట్టిన ఇంటి స్లాబు పెచ్చులూడి, వానకు కారుతూ ఉన్నా కాగితం మీద అది పక్కా ఇల్లే. ఆ ఇంటివాళ్లకు కొత్త ఇల్లు రాదు, మరమ్మతుకూ నిలకడైన పథకం లేదు. పీఎం ఆవాస్ మొదటి దశలో ఉన్న ఇంటికి కనీసం 9 చదరపు మీటర్ల గది కలుపుకోవడానికి సాయం ఉండేది. దాన్ని వాడుకున్నవారు తక్కువ. మరమ్మతుకు కావాల్సింది చిన్న మొత్తం, కట్టిన ఇళ్ల ఆయుష్షు దానివల్ల పెరుగుతుంది. అయినా ప్రారంభోత్సవం చేయడానికి వీలుండదు కాబట్టేమో, బడ్జెట్‌లో దానికి చోటు దొరకడం లేదు.

ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకున్నవారి సంగతి వేరు. తెలంగాణలో 2014 చివర్లో వచ్చిన జీవో 58 కింద 125 గజాల వరకు పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించే వీలు వచ్చింది. అంతకు మించితే జీవో 59 కింద డబ్బు కట్టాలి. ఇలా పట్టా చేతికొచ్చి, ఉన్నది గుడిసో రేకుల ఇల్లో అయితే ఆ కుటుంబం సొంత స్థలం ఉన్నవారి జాబితాలోకి వస్తుంది.

పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో దశలో ఇంకో నిబంధన కూడా ఉంది. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకం కింద ఇల్లు పొందినా అర్హత లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ ఇల్లు వచ్చినవారికి ఆ గడువు 2026 నుంచి తీరుతుంది. అప్పుడు వారి దరఖాస్తు తేలేది ఆ పాత ఇంటిని అధికారి పక్కా ఇల్లని రాస్తాడా, శిథిలమైందని రాస్తాడా అన్నదాని మీద. ఆ పరిశీలన చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ సిబ్బందే.